ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడం ఎలా: నీడ దగ్గర మొదలుపెట్టి, తేడా మచ్చని గుర్తుపట్టే వరకు

ఎండ అనగానే అందరం వేడి గురించే మాట్లాడతాం, ఇవాళ మండిపోతుంది, నిన్న కాస్త నయం అని. కానీ చర్మాన్ని పాడుచేసేది ఆ వేడి కాదండీ. ఎండలో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి, యూవీ అంటారు, అసలు పని అవి చేస్తాయి. అవి ఒంటి మీద పడుతున్నట్టు మనకి తెలీదు, వేడిగా అనిపించవు, వెలుతురుగానూ కనపడవు. అందుకే చల్లగాలి తోలుతున్న రోజు, మబ్బు పట్టిన రోజు, కొండ మీద స్వెట్టర్ వేసుకుని తిరిగిన రోజు కూడా సాయంత్రానికి ముఖం కందిపోయి మంటెత్తుతుంది. వేడిగా ఉందా లేదా అని కాకుండా యూవీ ఎంత పడుతుంది అని చూసుకోవడం అలవాటైతే కింద చెప్పేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ యూవీలో మన దాకా వచ్చేవి రెండు రకాలు. యూవీబీ చర్మం పైపొరలో ఆగిపోతుంది, ఎండకి కమిలిపోవడం దీని పనే, కణాల్లో ఉండే డీఎన్ఏని నేరుగా దెబ్బతీసేది కూడా ఎక్కువగా ఇదే. యూవీఏ ఇంకా లోతుకి దిగి చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ని తినేస్తుంది, ముడతలు, మచ్చలు దాని వల్లే, క్యాన్సర్‌లోనూ దానికి వాటా ఉంది. నేల మీదకి చేరే యూవీలో దాదాపు 95 శాతం యూవీఏనే. చర్మం దెబ్బతిన్న డీఎన్ఏని చాలావరకు బాగుచేసుకుంటుంది కానీ మొత్తం బాగుచేసుకోలేదు, మిగిలిపోయిన తప్పులు ఏళ్ల తరబడి పోగుపడి ఏదో ఒక కణం అదుపు తప్పితే అదే స్కిన్ క్యాన్సర్. కాబట్టి ఒక్కరోజు ఎక్కువ ఎండలో తిరిగామని కంగారుపడక్కర్లేదు, అలాగని రోజూ కొంచెమే కదా అని వదిలేయకూడదు కూడా.

స్టెప్ 1: బయటికెళ్లే ముందు యూవీ ఇండెక్స్ చూడండి

ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్ దాదాపు అందరికీ ఉంటుంది, అందులో టెంపరేచర్ చూసి మూసేస్తాం, కొంచెం కిందకి జరిపితే యూవీ ఇండెక్స్ అని ఒక నంబర్ ఉంటుంది. 1992లో కెనడాలో మొదలుపెట్టారు, ఇప్పుడు అన్ని దేశాలకీ అదే లెక్క. 0 నుంచి 2 వరకు ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 3కి చేరిందంటే బట్టలు, టోపీ, సన్‌స్క్రీన్ కావాలి. 8 దాటితే మిట్టమధ్యాహ్నం పనులు వాయిదా వేసుకోగలిగితే వేసుకోండి, 11 పైన అయితే అది ఆఖరి మెట్టు, ఇంక చెప్పక్కర్లేదు.

ఫోన్ చేతిలో లేకపోతే మీ నీడ చూసుకోండి. నీడ మీకన్నా పొడుగ్గా ఉంటే యూవీ తక్కువ, మీకన్నా పొట్టిగా అయిపోయి కాళ్ల దగ్గరకి వచ్చేసిందంటే యూవీ గట్టిగా ఉన్నట్టు. చిన్నపిల్లలకి కూడా ఇది భలే తొందరగా వచ్చేస్తుంది, ఒక్కసారి నేర్పిస్తే తర్వాత వాళ్లే మనకి చెప్తారు.

మబ్బుని నమ్మకండి. పల్చటి మబ్బులోంచి 80 శాతం దాకా యూవీ దిగిపోతుంది, ఎండ కనపడదు కాబట్టి మనం ఇంకా ఎక్కువసేపు బయట ఉంటాం, దెబ్బ అక్కడ తగులుతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకి యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. మంచు మీద పడ్డ యూవీలో 80 శాతం వరకు తిరిగి మన ముఖం మీదకే కొడుతుంది, గడ్డం కింద, ముక్కు కింద కూడా కమిలేది అందుకే. ఇసుక 15 శాతం దాకా తిప్పికొడుతుంది. నీళ్లలో ఉన్నాం కదా ఏం కాదు అనుకుంటారు చాలామంది, అరమీటరు లోతులో కూడా పైన ఉన్నదాంట్లో 40 శాతం యూవీ ఉంటుంది, ఈత కొట్టేవాళ్లకి వీపు, భుజాలు కమిలిపోవడం మామూలే.

స్టెప్ 2: టైమ్ మార్చుకోండి, నీడ వెతుక్కోండి

ఖర్చు లేని పని ఇది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా యూవీ ఎక్కువ, అందులో సూర్యుడు నడినెత్తికి వచ్చే ఆ రెండు మూడు గంటలు మరీను. నడక, ఆటలు, బట్టలు ఆరేయడం, తోటపని, వీటిని కాస్త అటో ఇటో జరిపితే చాలు, రోజంతా పడే యూవీలో పెద్ద భాగం తప్పించుకున్నట్టే. ఎండలోనే పని చేయాల్సినవాళ్లు ఉంటారు, వాళ్లకి టైమ్ మార్చుకోండి అని చెప్పడం తేలిక, అది వాళ్ల చేతిలో ఉండదు, అలాంటివాళ్లు కింద బట్టల గురించి చెప్పింది ఇంకా శ్రద్ధగా చదవండి.

నీడలో ఉన్నా ఒకటి గమనించండి, పైకి చూస్తే ఆకాశం ఎంత కనపడుతుంది? గొడుగు కింద కూర్చుని చుట్టూ ఆకాశమంతా కనపడుతుంటే ఆ ఆకాశంలోంచి చెదిరి వచ్చే యూవీ మీ మీద పడుతూనే ఉంటుంది. దట్టమైన చెట్టు కింద, గోడ పక్కన, పైకప్పు ఉన్న చోట నయం.

స్టెప్ 3: బట్టలే మీ మొదటి సన్‌స్క్రీన్

ఎండ జాగ్రత్తలు అనగానే అందరూ ఏ క్రీమ్ మంచిది అని అడుగుతారు. నన్నడిగితే క్రీమ్ ఆఖర్న రావాలి, బట్ట ముందు రావాలి. బట్ట చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ వేసుకోనక్కర్లేదు, ఎంత రాశాం సరిపోయిందా అనే గొడవ లేదు. స్కిన్ క్యాన్సర్ బాగా ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలో 1981లో పెద్ద ప్రచారం మొదలుపెట్టారు, అందులో కూడా ముందు చొక్కా వేసుకోండి, తర్వాత సన్‌స్క్రీన్ రాసుకోండి, టోపీ పెట్టుకోండి అనే చెప్పారు, తర్వాతి కాలంలో నీడ, కళ్లజోడు కూడా కలిపారు. వరసలో చొక్కా మొదట ఉంది చూడండి.

అయితే ఏ బట్టైనా ఒకటే కాదు. మీ చొక్కాని రెండు చేతులతో పట్టుకుని లైటుకో కిటికీకో ఎదురుగా పెట్టి చూడండి. దారాల మధ్య సన్న సన్న సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనపడుతుందా, అవతల మీ వేళ్ల ఆకారం కనపడుతుందా? కనపడితే యూవీ కూడా అలాగే దూరుతుంది. ఇప్పుడు అదే బట్టని భుజాల దగ్గర టైట్‌గా లాగి చూడండి, సందులు పెద్దవైపోతాయి, అందుకే ఒంటికి అతుక్కుపోయే బట్టకన్నా వదులుగా ఉండే బట్ట మంచిది. పల్చటి తెల్ల కాటన్ టీషర్ట్ చాలా తక్కువ ఆపుతుంది, తడిస్తే ఇంకా తక్కువ, చెమటకి తడిసిపోయినా అంతే. అదే జీన్స్ గుడ్డలోంచి దాదాపు ఏమీ దూరదు. ఒకే మందం బట్టలో లేత రంగుకన్నా ముదురు రంగు ఎక్కువ ఆపుతుంది, కానీ ముదురు రంగు వేడెక్కుతుంది, కాబట్టి రంగుకన్నా నేత దగ్గరగా ఉందా లేదా అనేదే ముందు చూడండి, ఎండకి తట్టుకునేలా పల్చగా ఉన్నా దగ్గరగా నేసిన బట్టలు దొరుకుతాయి. కొన్ని బట్టల మీద యూపీఎఫ్ అని నంబర్ ఉంటుంది. యూపీఎఫ్ 50 అంటే పడిన యూవీలో 50వ వంతు, అంటే 2 శాతం మాత్రమే లోపలికి వెళ్తుంది. రోజంతా బయట పనిచేసేవాళ్లకి, ఈత కొట్టే పిల్లలకి అలాంటిది ఒకటి ఉంటే బాగుంటుంది, మిగతావాళ్లకి తప్పనిసరేం కాదు, పొడుగు చేతుల చొక్కా, కాలర్, కింద పూర్తి ప్యాంటు ఉంటే చాలా వరకు పని అయిపోతుంది.

టోపీ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ముందు మాత్రమే అంచు ఉండే క్యాప్ నుదురు, ముక్కు కాపాడుతుంది కానీ చెవులు, మెడ వెనక భాగం మొత్తం ఎండకి వదిలేస్తుంది. చెవి పైఅంచు, కింది పెదవి, ఈ రెండూ స్కిన్ క్యాన్సర్ వచ్చే చోట్లలో ముఖ్యమైనవి, అక్కడ వచ్చే రకం పాకే అవకాశం కూడా ఎక్కువ. చుట్టూ అంచు ఉండి, ఆ అంచు కనీసం 7, 8 సెంటీమీటర్లు వెడల్పు ఉన్న టోపీ చూసుకోండి. అల్లికలో చిల్లులుండే టోపీ అయితే ఎండలో ఒకసారి పెట్టుకుని చూడండి, ముఖం మీద ఎండ చుక్కలు పడుతుంటే లాభం లేదు. టోపీ ఇష్టం లేకపోతే తల, చెవులు, మెడ కప్పేలా దగ్గరగా నేసిన గుడ్డ చుట్టుకున్నా సరిపోతుంది.

కళ్లజోడు మీద యూవీ400 అని ఉందా చూడండి, లేదా యూవీ మొత్తం ఆపుతుందని రాసి ఉండాలి. అద్దం ఎంత నల్లగా ఉంటే అంత మంచిది అనుకోవడం తప్పు, నల్లగా ఉండి యూవీ ఆపని అద్దం ఇంకా చెడ్డది, ఎందుకంటే చీకటికి కంటిపాప పెద్దదై లోపలికి ఎక్కువ యూవీ పోతుంది. రెప్పల మీద కూడా స్కిన్ క్యాన్సర్ వస్తుంది, కాబట్టి పెద్ద అద్దాలు, పక్కలు కూడా మూసేవి మంచివి.

స్టెప్ 4: బట్ట కప్పని చోట సన్‌స్క్రీన్

డబ్బా మీద మూడు చూడండి చాలు. ఒకటి ఎస్పీఎఫ్ 30 లేదా ఆ పైన. రెండోది బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉండాలి, లేదా పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉండాలి. ఎస్పీఎఫ్ అనేది ముఖ్యంగా కమిలిపోవడానికి సంబంధించిన లెక్క, అంటే ఎక్కువగా యూవీబీ, యూవీఏ ఆపుతుందో లేదో ఆ నంబర్ చెప్పదు, దానికోసమే ఇవి. మూడోది చెమట పట్టేవాళ్లకి, ఈతకెళ్లేవాళ్లకి వాటర్ రెసిస్టెంట్. అది కూడా 40 నిమిషాలో 80 నిమిషాలో మాత్రమే ఆగుతుంది, ఎంతసేపో డబ్బా మీదే ఉంటుంది.

నంబర్ల వెంట పరిగెత్తకండి. సరిగ్గా రాస్తే ఎస్పీఎఫ్ 15 యూవీబీలో 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. 30కి 50కి తేడా అంతే. అసలు తేడా ఎంత రాశారు అనే దగ్గర వస్తుంది. ల్యాబ్‌లో ఆ నంబర్ ఇచ్చేటప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి టెస్ట్ చేస్తారు, జనం మామూలుగా రాసేది అందులో పావు నుంచి సగం. గోడకి రంగు ఒక పూత పల్చగా లాగేస్తే కింద పాత గోడ కనపడుతూనే ఉంటుంది చూడండి, పల్చగా రాసిన సన్‌స్క్రీన్ కూడా అంతే, డబ్బా మీద 50 ఉన్నా చర్మం మీద 50 ఉండదు. అందుకే తక్కువ రాసే అలవాటున్నవాళ్లు 50 తీసుకోవడమే మంచిది, కొంచెం తగ్గినా మిగిలేది ఉంటుంది.

మరి ఎంత రాయాలి? చూపుడు వేలు, మధ్య వేలు చాపి, రెండింటి మీద మొదలు నుంచి చివరి దాకా గీతలాగా పిండండి. అది ముఖానికి. మెడకి, చెవులకి విడిగా ఇంకొంచెం తీసుకోండి, ముఖం నుంచి మిగిలింది మెడకి తుడవడం కాదు. ఒళ్లంతా రాయాల్సి వస్తే ఒక్కో చేతికి ఒక టీస్పూన్, ఒక్కో కాలికి ఒకటి, ముందు ఒంటికి ఒకటి, వీపుకి ఒకటి, ముఖం మెడ చెవులు కలిపి ఒకటి, మొత్తం ఏడు టీస్పూన్లు, 35 ఎంఎల్ అన్నమాట. రోజూ రాస్తున్నా చిన్న ట్యూబ్ ఆరు నెలలు వస్తుందంటే అది పొదుపు కాదు, సరిపడా రాయట్లేదని అర్థం.

ముఖం మీద ఐదు చోట్ల చుక్కలు పెట్టుకుని, రుద్దకుండా మెల్లగా పరచండి. ఒకేసారి అంత పరచడం కష్టంగా ఉంటే సగం రాసి, రెండు నిమిషాలాగి మిగతా సగం రాయండి. ఎప్పుడూ మర్చిపోయే చోట్లు ఇవి: చెవులు ముందూ వెనకా, పాపిడి, మెడ వెనక, ముక్కు పక్కన మడతలు, అరచేతుల వెనక భాగం, చెప్పుల పట్టీల మధ్య కనపడే పాదం. బట్టతల ఉంటే నెత్తంతా. పెదవులకి ఎస్పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వాడండి. కంటి చుట్టూ మండుతుంటే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉండే మినరల్ రకం వాడి చూడండి, చాలామందికి అది మండదు, సెన్సిటివ్ చర్మానికి, పిల్లలకి కూడా అదే నయం. తెల్లగా సున్నం పూసినట్టు కనపడుతుందనే బాధ ఉంటే రంగు కలిపినవి, టింటెడ్ అంటారు, అవి తీసుకోండి, చామనచాయ ముఖాల్లో కలిసిపోతాయి, పైగా ఆ రంగు కోసం వేసే ఐరన్ ఆక్సైడ్ కంటికి కనపడే వెలుతురుని కూడా కొంత ఆపుతుంది కాబట్టి మంగు మచ్చలున్నవాళ్లకి ఇవి ఇంకా మంచివి.

బయటికెళ్లే 15, 20 నిమిషాల ముందు రాయండి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ, ఈత కొట్టాక, తువ్వాలుతో తుడుచుకున్నాక, బాగా చెమట పట్టాక వెంటనే మళ్లీ. పొద్దున్న ఒకసారి రాసి సాయంత్రం దాకా లాగేయడం వల్లే సన్‌స్క్రీన్ పనిచేయదు అనే పేరొస్తుంది. దోమల మందు కూడా రాయాలంటే ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల మందు. ట్యూబ్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వేడికి పాడైపోతుంది, డేట్ అయిపోయినా, నీళ్లు విడిపోయినట్టున్నా పడేయండి.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి ఒక మంచి రుజువు ఉంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నాంబోర్ అనే ఊళ్లో 1992లో 1,621 మందితో ఒక ట్రయల్ మొదలుపెట్టారు, సగం మందికి రోజూ తల, మెడ, చేతులకి రాసుకోమని సన్‌స్క్రీన్ ఇచ్చారు, మిగతా సగం మందిని వాళ్ల అలవాటు ప్రకారం ఉండమన్నారు. స్కిన్ క్యాన్సర్‌లో ముఖ్యంగా మూడు రకాలు, బేసల్ సెల్, స్క్వామస్ సెల్, అన్నిటికన్నా ప్రమాదమైన మెలనోమా, ఎలా ఉంటాయో స్టెప్ 8లో ఉంది. రోజూ రాసినవాళ్లలో స్క్వామస్ సెల్ రకం క్యాన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి, ఏళ్లు గడిచాక చూస్తే మెలనోమా కేసులు సగమే ఉన్నాయి. బేసల్ సెల్ రకంలో మాత్రం ఆ కాలంలో తేడా కనపడలేదు. వాళ్లు వాడిన దాని ఎస్పీఎఫ్ 15 పైన అంతే, ఇప్పుడు దొరికేవాటికన్నా తక్కువే, రోజూ రాయడం వల్ల వచ్చిన ఫలితం అది.

విటమిన్ డి తగ్గిపోదా అంటారు. మామూలుగా సన్‌స్క్రీన్ వాడేవాళ్లలో దానివల్ల విటమిన్ డి లోపం వస్తుందని చాలా స్టడీల్లో కనపడలేదు. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్తే మాత్రలు వేసుకోండి, దానికోసం చర్మం కాల్చుకోనక్కర్లేదు.

స్టెప్ 5: అద్దం వెనక కూర్చునేవాళ్లు

మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది కాబట్టి కమిలిపోరు, కానీ యూవీఏ చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. కారు ముందు అద్దం రెండు పొరల మధ్య షీట్ పెట్టి చేస్తారు కాబట్టి యూవీఏని బాగా ఆపుతుంది, పక్క అద్దాలు అన్ని కార్లలో అలా ఉండవు. 2012లో ఒక మెడికల్ జర్నల్‌లో ఒక లారీ డ్రైవర్ ఫోటో వేశారు, 69 ఏళ్లాయన, 28 ఏళ్లు డెలివరీ లారీ తోలారు, కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప లోతైన ముడతలు పడి వేలాడిపోయింది, కుడి చెంప మాత్రం వయసుకి తగ్గట్టే ఉంది. ఒకే మనిషి, ఒకే ముఖం. గంటల తరబడి డ్రైవింగ్ చేసేవాళ్లు, కిటికీ పక్క సీటులో ఎండ మీద పడేలా పనిచేసేవాళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాయండి, లేదా కర్టెన్ వేయండి, యూవీ ఆపే ఫిల్మ్ అంటించుకోవచ్చు, మీ దగ్గర రూల్స్ ఒప్పుకుంటేనే.

స్టెప్ 6: ఎవరు ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలి

ఆరు నెలల్లోపు పసిపిల్లల్ని నేరుగా ఎండలోకి తీసుకెళ్లకండి, వాళ్లకి నీడ, బట్ట, టోపీ ఉండాలి, సన్‌స్క్రీన్ మీద మాత్రం ఆధారపడొద్దు. పెద్ద పిల్లలకి అలవాటు ఇప్పుడే చేయండి, చిన్నప్పుడు బొబ్బలెక్కేలా కమిలిపోవడం తర్వాత మెలనోమా రిస్క్ పెంచుతుంది.

కొన్ని మందులు వాడుతుంటే ఎండకి చర్మం తొందరగా మాడుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, మొటిమలకి వాడే రెటినాయిడ్లు, గుండె లయకి ఇచ్చే అమియోడరోన్ లాంటివి. మందు మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌ని అడిగి ఎండ జాగ్రత్త పెంచండి. కిడ్నీయో లివరో మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకి స్కిన్ క్యాన్సర్ రిస్క్ మామూలువాళ్లకన్నా చాలా రెట్లు ఎక్కువ, వాళ్లు క్రమం తప్పకుండా చర్మం డాక్టర్‌కి చూపించుకోవాలి. ఆల్బినిజం ఉన్నవాళ్లకి చర్మంలో రక్షణ ఇచ్చే మెలనిన్ దాదాపు ఉండదు కాబట్టి పుట్టినప్పటి నుంచే పైవన్నీ పాటించాలి.

నల్లగానో చామనచాయగానో ఉన్నవాళ్లు మాకెందుకు ఇవన్నీ అంటారు. మెలనిన్ నిజంగానే కాపాడుతుంది, బాగా నల్లటి చర్మానికి సుమారు ఎస్పీఎఫ్ 13 అంత రక్షణ పుట్టుకతోనే ఉంటుందని కొలిచారు, తెల్ల చర్మానికి అది 3 చిల్లర. రిస్క్ చాలా తక్కువ, అది నిజం. కానీ తక్కువ అంటే లేదని కాదు, పైగా నాకు రాదులే అని ఎవరూ చూసుకోరు, డాక్టర్‌కి కూడా వెంటనే తట్టకపోవచ్చు, అందుకే ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా బయటపడేసరికే ముదిరిపోయి ఉంటుంది. మంగు, నల్ల మచ్చలు ఎండకి ముదరడం మాత్రం ఈ రంగువాళ్లలోనే ఎక్కువ.

టానింగ్ బెడ్ల గురించి ఒక్క మాట, వద్దు. 2009లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాటిని పొగాకుతో పాటు మొదటి గ్రూపులో, అంటే కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో పెట్టింది, బ్రెజిల్ అదే ఏడాది నిషేధించింది.

స్టెప్ 7: ఈపాటికే కమిలిపోతే

వెంటనే నీడలోకి వచ్చేయండి, ఎర్రబడేదాకా ఆగకండి, ఎరుపు పూర్తిగా తేలడానికి చాలా గంటలు పడుతుంది. చల్లటి నీళ్లతో స్నానం, లేదా తడిగుడ్డ వేయండి, ఐసు నేరుగా పెట్టొద్దు. ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. నీళ్లు బాగా తాగండి. నొప్పి ఎక్కువగా ఉంటే, మీకు పడితే, ఐబుప్రొఫెన్ లాంటిది వేసుకోవచ్చు. బొబ్బలు చిదమకండి, పొట్టు లేస్తుంటే లాగకండి. ఒంట్లో చాలా భాగం బొబ్బలెక్కినా, జ్వరం, వాంతులు, మైకం ఉన్నా, చిన్నపిల్లలైనా డాక్టర్ దగ్గరకి వెళ్లాల్సిందే. మానేదాకా ఆ చోటుని బట్టతో కప్పి ఉంచండి.

స్టెప్ 8: నెలకోసారి ఒళ్లంతా చూసుకోండి

స్నానం చేసి వచ్చాక, మంచి వెలుతురులో, నిలువుటద్దం ముందు. చేతిలో చిన్న అద్దం ఇంకోటి. తల దగ్గర మొదలుపెట్టండి, దువ్వెనతో పాపిడి పాపిడిగా తీస్తూ నెత్తి, చెవుల వెనక, మెడ. తర్వాత చేతులెత్తి చంకలు, వీపు చిన్న అద్దంతో, నడుము కింద, తొడల వెనక. ఆఖర్న కూర్చుని అరికాళ్లు, కాలి వేళ్ల సందులు, గోళ్లు ఒక్కొక్కటీ. గోళ్ల రంగు ఉంటే ఆ రోజు తీసేయండి. వీపు, నెత్తి ఇంట్లో ఎవరినైనా చూడమనండి. అనుమానంగా ఉన్న మచ్చ పక్కన స్కేల్ పెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకోండి, వచ్చే నెల జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు.

పుట్టుమచ్చల్లో ఐదు సంగతులు చూడాలి. మధ్యలో గీత గీస్తే రెండు సగాలు ఒకేలా లేకపోవడం. అంచు గుండ్రంగా కాకుండా చెదిరినట్టు, సిరా పాకినట్టు ఉండటం. ఒకే మచ్చలో గోధుమ, నలుపు, ఎరుపు, తెలుపు, నీలం ఇలా రంగులు కలిసి ఉండటం. 6 మిల్లీమీటర్లకన్నా పెద్దది కావడం, పెన్సిల్ వెనక ఉండే రబ్బరంత. అన్నిటికన్నా ముఖ్యం ఐదోది, మారుతూ ఉండటం. పెరుగుతున్నా, ఉబ్బుతున్నా, దురద పెడుతున్నా, రక్తం కారుతున్నా సైజు చిన్నదే కదా అని ఆగకండి. ఇంకో చిట్కా ఏంటంటే ఒకే మనిషి ఒంటి మీద మచ్చలన్నీ ఒక పోలికలో ఉంటాయి, వాటిలో ఒక్కటి వేరేగా కనపడితే దాన్ని అనుమానించాలి.

మెలనోమా కాని మిగతా రెండు రకాలే ఎక్కువగా వస్తాయి, అవి చాలావరకు మచ్చలా ఉండవు కాబట్టి చాలామంది పోల్చుకోలేరు. బేసల్ సెల్ రకం మెరిసే చిన్న పొక్కులా, సన్నటి రక్తనాళాలు కనపడుతూ ఉంటుంది, ముదురు చర్మంలో నల్లగా ఉండి పుట్టుమచ్చ అనుకునేలా చేస్తుంది. స్క్వామస్ సెల్ రకం గరుకుగా, పొట్టు కట్టి, గట్టిపడి, పుండు పడి ఉంటుంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సిందల్లా నాలుగు వారాలైనా మానని పుండు, మానినట్టే మాని మళ్లీ రక్తం కారే పొక్కు. ముదురు చర్మం ఉన్నవాళ్లకి ఈ స్క్వామస్ రకం ఎండ తగలని చోట, పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుళ్ల మీద వస్తుంటుంది, కాబట్టి పాత గాయపు మచ్చలో కొత్తగా గడ్డ లేచినా పుండు పడినా అస్సలు వదలకండి.

అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద వచ్చే మెలనోమాకి ఎండతో సంబంధం లేదు, సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు, కంటితో చూసుకోవడం ఒక్కటే దారి. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే, 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్లకే చనిపోయారు. ముదురు చర్మం ఉన్నవాళ్లకి చాలా గోళ్లలో సన్నటి నల్ల గీతలు ఉండటం మామూలే, భయపడొద్దు. ఒకే ఒక్క గోరులో కొత్తగా గీత వచ్చి వెడల్పవుతుంటే, లేదా ఆ నలుపు గోరు దాటి చుట్టూ చర్మంలోకి పాకితే వెంటనే చూపించాలి. దెబ్బ తగిలి నల్లబడిన గోరైతే ఆ నలుపు గోరుతో పాటే ముందుకి జరిగిపోతుంది, జరగకుండా అక్కడే ఉంటే అది దెబ్బ కాదేమో అని అనుమానించండి.

స్టెప్ 9: డాక్టర్ దగ్గర

చర్మం డాక్టర్ దగ్గరకే వెళ్లండి. ఎప్పటి నుంచి ఉంది, ఎలా మారింది, రక్తం వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా స్కిన్ క్యాన్సర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఇవి చెప్పి ఫోటోలు చూపించండి. డెర్మోస్కోప్ అనే లైటున్న భూతద్దంతో చూస్తారు, నొప్పి ఉండదు. అనుమానం ఉంటే బయాప్సీ, అంటే అక్కడ తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి ముక్క తీసి పరీక్షకి పంపుతారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకిపోతుందనే భయంతో ఎంతోమంది నెలల తరబడి ఆగిపోతారు, బయాప్సీ వల్ల అలా పాకదు, ఆగడం వల్లే నష్టం. మెలనోమాలో లోతుని మిల్లీమీటర్లలో కొలుస్తారు, 1 మిల్లీమీటరు లోపే ఉండగా తీసేస్తే చాలామందికి అంతటితో నయమైపోతుంది, లోతుకి దిగేకొద్దీ పాకే అవకాశం పెరుగుతుంది. బేసల్, స్క్వామస్ రకాలు తొందరగా చూపిస్తే ఎక్కువమందికి చిన్న ఆపరేషన్‌తో పోతాయి. ఇంట్లో మచ్చ మీద ఆసిడ్ లాంటి పూతలు రాయడం, దారం కట్టడం, బ్లేడుతో గీకడం చేయకండి, పైన మాడిపోయి కింద మిగిలిపోతే డాక్టర్‌కి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. తీసిన ముక్క ఏదైనా సరే, మామూలు మచ్చేలే అని చెప్పినా సరే, ల్యాబ్‌కి పంపమని అడగండి, రిపోర్ట్ కాగితం చేతికి తీసుకుని దాచుకోండి, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి.